డిగ్రీ ఫైనలియర్ పిల్లలకి ఖాళీ ప్రపంచ పటం ఇచ్చాను, సముద్రంలో దేశాలు పెట్టారు

ఎకనామిక్స్_మేష్టారు (ఆదివారం రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. ఇది ఫిర్యాదు కాదు, నా గోడు అనుకోండి. మాది ఓ మోస్తరు టౌన్‌లో డిగ్రీ కాలేజీ. బీకాం వాళ్ళకి ఎకనామిక్స్ చెప్తాను. మొన్న ముడిచమురు ధరల గురించి చెప్తూ హోర్ముజ్ జలసంధి (ఇరాన్ పక్కన గల్ఫ్ చమురు ఓడలు బయటికొచ్చే ఇరుకు సముద్రపు దారి) అన్నాను, క్లాసంతా తలూపింది. ఆ ఊపుడు చూసే నాకు అనుమానమొచ్చింది. "ఇరాన్ ఎక్కడుందిరా?" అంటే దానికీ తలూపారు.

మర్నాడు జిరాక్స్ షాపులో ప్రపంచం అవుట్‌లైన్ మ్యాపు కాపీలు తీయించి తలొకటి పంచాను. బోర్డు మీద పది పేర్లు రాశాను: నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంక, ఇరాన్, సౌదీ అరేబియా, ఉక్రెయిన్, బ్రెజిల్, ఆస్ట్రేలియా. మార్కులు లేవు, కాగితం మీద పేరు కూడా రాయొద్దన్నాను. పావుగంట టైం.

ఆస్ట్రేలియా దాదాపు అందరికీ వచ్చింది. శ్రీలంక కూడా, ఒక్కరు మాత్రం దాన్ని తీసుకెళ్ళి మడగాస్కర్ దగ్గర పెట్టారు. బ్రెజిల్ పర్వాలేదు, ఫుట్‌బాల్ పుణ్యం. నాకు గుండె కలుక్కుమన్నది మన చుట్టుపక్కల దేశాల దగ్గర. భూటాన్‌కీ బంగ్లాదేశ్‌కీ తేడా తెలిసినవాళ్ళు సగం మంది కూడా లేరు. మయన్మార్ ఉండాల్సిన చోట థాయ్‌లాండ్, చైనా, ఒకచోట "పాకిస్తాన్". ఇరాన్ అయితే మంగోలియాలో ఉంది, సూడాన్‌లో ఉంది, ఒక కాగితంలో ముత్యాల్లాంటి అక్షరాలతో కాస్పియన్ సముద్రం నడిమధ్యలో ఉంది. ఇంత చక్కటి దస్తూరీ ఉన్నవాడికి నీళ్ళకీ నేలకీ తేడా ఎలా తెలియకుండా పోయిందా అని రాత్రంతా ఆలోచించాను.

తప్పు వాళ్ళదా, మాదా, సిలబస్‌దా? మీ అనుభవాలు చెప్పండి.

---

మూడో_బెంచి (ఆదివారం రాత్రి 10:05)

సార్, కోపం తెచ్చుకోకండి. ఫోన్ తీస్తే రెండు సెకన్లలో ఇరాన్ కనిపిస్తుంది, దాన్ని బుర్రలో ఎందుకు మోయాలి? పబ్‌జీలో పొచింకి అనే ఊరు ఎక్కడో అడగండి, కళ్ళు మూసుకుని చూపిస్తాం. అంటే మాకు మ్యాపులు రాక కాదు, అవసరం లేక. నేను ఇంటర్ ఎంపీసీ చదివా. పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ. తెలుగు తీసుకుంటే మార్కులు పడవని సంస్కృతం ఇప్పించారు. ఎంసెట్‌లో ర్యాంకు రాక బీకాం కంప్యూటర్స్‌లో పడ్డా. చివరిసారి ప్రపంచ పటం చూసింది టెన్త్ పబ్లిక్ పరీక్షలో. ఆ మధ్యలో మాకు ఎవరు చూపించారో చెప్పండి.

---

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్ (ఆదివారం రాత్రి 10:31)

తమ్ముడు చెప్పింది సగం నిజం. నేను గ్రూప్స్ ప్రిపరేషన్‌లో నాలుగో ఏడు. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మన దేశానికి అతి పొడవైన భూ సరిహద్దు అదే అని కూడా చెప్తాను. కానీ ఒక రోజు రూమ్మేట్ తెల్ల కాగితం ఇచ్చి "ఆ 4,096 కిలోమీటర్లు గీసి చూపించు" అన్నాడు. గీశాను. బంగ్లాదేశ్‌కి పైన అస్సాం పెట్టాను, ఎడమ పక్క బెంగాల్ పెట్టాను, అంతవరకు బాగానే ఉంది. త్రిపుర ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయా. మూడు పక్కలా బంగ్లాదేశే ఉండే రాష్ట్రం అది, దాని మీద బిట్లు ఎన్నో చేశాను. బిట్లు వచ్చాయి గానీ బొమ్మ రాలేదు.

సార్, మీ పిల్లలకి అసలేమీ తెలియదు, మాకు అంకెలు తెలుసు. ఏది ఎక్కువ సిగ్గుచేటో మీరే చెప్పండి.

---

రిటైర్డ్_సోషల్_టీచర్ (సోమవారం ఉదయం 6:12)

మేష్టారూ, నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సోషల్ చెప్పాను కాబట్టి నా వాటా నేరం ముందే ఒప్పుకుంటున్నా.

టెన్త్‌లో మ్యాప్ పాయింటింగ్ ప్రశ్న ఉంటుంది. "కింది వాటిని పటంలో గుర్తించండి" అని. దానికి మేము ఏం చేసేవాళ్ళమో తెలుసా? పాత ప్రశ్నపత్రాలు తిరగేసి, మళ్ళీ మళ్ళీ వచ్చేవి ఓ నలభై పేర్లు ఏరి, వాటికి గుర్తులు చెప్పేవాళ్ళం. "ఇటలీ అంటే బూటు. జపాన్ అంటే కుడిచివర అరటికాయ ముక్కలు." పిల్లలు చుక్క పెట్టేవాళ్ళు, మార్కు పడేది. బూటుకి పక్కన ఏముంది అని ఒక్కడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

స్కూల్లో గ్లోబు ఉండేది, ఉన్నా బీరువాలో ఉండేది. పిల్లలు తిప్పి తిప్పి విరగ్గొడతారని హెడ్మాస్టరు గారు తాళం వేసేవారు. ఒకసారి ఇన్‌స్పెక్షన్ అని బయటికి తీస్తే దాని మీద సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది. అప్పటికి ఆ దేశం పోయి పదేళ్ళు దాటింది.

ఇంకో మాట. మీరు జిరాక్స్ మ్యాపు ఇచ్చానన్నారు. అందులో నేలా తెలుపే, నీళ్ళూ తెలుపే. కాస్పియన్ చుట్టూ గీత ఉంటుంది, దేశాల చుట్టూ ఉన్నట్టే. దాన్ని చూసి దేశం అనుకోవడంలో ఆ పిల్లాడి తప్పు మీరనుకున్నంత లేదండీ. నేనైతే ముందు నీలం పెన్సిలు ఇచ్చి నీళ్ళన్నీ రంగు వేయించేదాన్ని, ఆ తర్వాతే పేర్లు.

---

డాలస్_టీఏ (సోమవారం ఉదయం 8:50)

ఇది మనవాళ్ళ జబ్బే అనుకుంటున్నారేమో. అమెరికాలో దీని మీద ఎప్పటినుంచో గొడవే. 1980లలో మయామీ యూనివర్సిటీలో ఒక జాగ్రఫీ అధ్యాపకుడు ఇలాగే ఖాళీ మ్యాపు పరీక్ష పెడితే కొందరు మయామీనే గుర్తించలేకపోయారు. పేపర్లలో, టీవీల్లో అదో పెద్ద గోల.

2006లో నేషనల్ జియోగ్రఫిక్ వాళ్ళు 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళ మీద సర్వే చేశారు. అప్పటికి ఇరాక్ యుద్ధం మొదలై మూడేళ్ళు, టీవీ పెడితే అదే. అయినా 63 శాతం మంది ఇరాక్‌ని చూపించలేకపోయారు. అఫ్గానిస్తాన్ అయితే 88 శాతం. న్యూయార్క్ రాష్ట్రాన్ని సగం మంది గుర్తించలేదు, సొంత దేశం పటంలో. మన ఇండియాని ఆసియా మ్యాపులో చూపించలేనివాళ్ళు 47 శాతం. అంతపెద్ద త్రికోణం వేలాడుతుంటే!

దానికన్నా నన్ను భయపెట్టింది 2014 నాటిది. రష్యా ఉక్రెయిన్ నుంచి క్రిమియాని కలిపేసుకున్న రోజులు. రెండువేల మందికి పైగా అమెరికన్లని ఉక్రెయిన్ ఎక్కడుందో క్లిక్ చేయమంటే సరిగ్గా పెట్టింది ఆరుగురిలో ఒక్కరు. మిగతావాళ్ళ క్లిక్కులు గ్రీన్‌లాండ్‌లోనూ, అమెరికాలోనూ కూడా పడ్డాయి. ఉక్రెయిన్‌కి ఎంత దూరంగా క్లిక్ చేస్తే అంత గట్టిగా "మన సైన్యం వెళ్ళాలి" అన్నారట. ఎక్కడుందో తెలియని చోటికి సైన్యాన్ని పంపుతారట!

ఇక తమాషా ఏంటంటే ఇక్కడే స్కూలు పిల్లలకి జాగ్రఫీ బీ అని జాతీయ పోటీ ఉండేది. 2012 నుంచి 2019 దాకా వరసగా గెలిచినవాళ్ళంతా భారతీయ కుటుంబాల పిల్లలే, వాళ్ళలో మన తెలుగిళ్ళ వాళ్ళూ ఉన్నారు. 2021లో ఆ పోటీనే ఎత్తేశారు. అంటే మన రక్తంలో లేకపోవడం కాదు, ఇంట్లో కూర్చోబెట్టి చెప్పే అమ్మానాన్నా, గెలిస్తే ఇచ్చే డబ్బూ ఉంటే మనవాళ్ళకీ వస్తుంది. నేను మాత్రం వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేముందు రోజు రాత్రి టెక్సాస్ ఎక్కడుందో చూసుకున్నవాణ్ణి.

---

గోళీసోడా (సోమవారం ఉదయం 9:15)

దేశాలు తర్వాత సంగతి. తెలంగాణ 33 జిల్లాలు ఎవడన్నా మ్యాపు మీద పెట్టండి చూద్దాం. ములుగు, నారాయణపేట ఎటు పక్కో చెప్పండి చాలు. ఆంధ్రావాళ్ళు కూడా నవ్వకండి, 2022లో మీకు 26 చేసిన తర్వాత మా మామయ్యకి తన ఊరు ఏ జిల్లాలో ఉందో ఇప్పటికీ డౌటే.

---

అశోక్‌నగర్_రీడింగ్‌రూమ్ (సోమవారం ఉదయం 9:18)

ములుగు ఈశాన్యం, నారాయణపేట నైరుతి, కర్ణాటక బోర్డరు. బిట్టు.

---

గోళీసోడా (సోమవారం ఉదయం 9:19)

నిన్ను అడగలేదు అన్నా 😄

---

జగిత్యాల_పోరడు (సోమవారం మధ్యాహ్నం 1:30)

మా దిక్కు ఒక మాటుంది, "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని. మా ఊళ్ళో బతుకుదెరువుకి ఉన్న దారులు ఆ మూడే అన్నట్టు. ఏ గల్ఫ్ దేశం పోయినా "దుబాయ్ పోయిండు" అనే అంటారు. సౌదీలో ఉన్నా దుబాయే, ఖతార్‌లో ఉన్నా దుబాయే.

మా నాన్న మాత్రం "మస్కట్ పోయిండు". పందొమ్మిదేళ్ళు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో గోడ మీద మ్యాపు ఉంటే మస్కట్ అనే దేశం కోసం వెతికాను. దొరకలేదు. మా సారుని అడిగితే "అది ఊరురా, దేశం కాదు" అన్నాడు, ఏ దేశమో చెప్పలేదు, ఆయనకీ వేరే పనులున్నాయి. ఇంటికొచ్చి అమ్మని అడిగితే "మస్కట్ అంటే మస్కటే". ఒమన్ అనే మాట మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. నాన్న పంపిన పార్శిల్ మీద ఇంగ్లీషులో ఉండేది, అదీ మేం చదవలేదు.

మేష్టారు పోస్టు చూసి నిన్న రాత్రి నాన్నకి ఖాళీ మ్యాపు చూపించాను. ఆయన చదివింది ఐదో తరగతి. "ఇది నాకు సమజ్ కాదు" అని పక్కకు పెట్టాడు. మళ్ళీ ఏమనుకున్నాడో కాగితం తిరగేసి వెనకవైపు గీయడం మొదలుపెట్టాడు. లారీ డ్రైవరు ఆయన. "ఇగో ఇది మస్కట్. ఈడికెళ్ళి నిజ్వా. నిజ్వా దాటితే ఇగ చెట్టు లేదు పుట్ట లేదు, మొత్తం ఇసుకే. నడుమ హైమా, ఆడ డీజిలు, చాయ్. తర్వాత తుమ్రైత్. ఆడికెళ్ళి ఘాట్ రోడ్డు దిగితే సలాలా. వానకాలం సలాలాలో కొబ్బరిచెట్లు, అరటితోటలు, మంచు, మన కోనసీమ లెక్క ఉంటది. ఇంక పోతే యెమన్." వెయ్యి కిలోమీటర్ల రోడ్డు ఒక్క గీతలో గీసి, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో అక్కడ చిన్న సున్నాలు పెట్టాడు.

నేను ఫోన్‌లో మ్యాపు తీసి పక్కన పెట్టి చూశాను. వంపుతో సహా సరిపోయింది. కానీ అదే ఒమన్‌ని ప్రపంచ పటంలో చూపించమంటే ఆయనకి రాదు. మీ పరీక్షలో ఆయనకి సున్నా వస్తుంది సార్. ఎందుకో ఇది చెప్పాలనిపించింది.

---

ఎకనామిక్స్_మేష్టారు (సోమవారం మధ్యాహ్నం 2:02)

తమ్ముడూ, ఆ కాగితం పారేయకు. వీలైతే ఫోటో పెట్టు.

---

బిష్కెక్_బాబు (సోమవారం సాయంత్రం 5:45)

నేను కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం. చేరేటప్పుడు కన్సల్టెన్సీ వాళ్ళు "రష్యా పక్కనే" అన్నారు. పక్కన లేదు, మధ్యలో కజకిస్తాన్ అంత పెద్ద దేశం అడ్డంగా పడుకుని ఉంది. మా ఇంట్లోవాళ్ళందరూ నన్ను మంచు గడ్డల్లోకి, ప్రపంచం చివరికి పంపుతున్నట్టు ఏడ్చారు. ఎయిర్‌పోర్టులో మా నానమ్మ అయితే మళ్ళీ చూడను అన్నట్టే పట్టుకుంది.

వచ్చాక ఒకరోజు కొలిచి చూశాను. ఢిల్లీ నుంచి బిష్కెక్ గాల్లో దాదాపు 1,600 కిలోమీటర్లు. ఢిల్లీ నుంచి తిరువనంతపురం 2,200 పైనే. అంటే ఢిల్లీవాడికి కేరళకన్నా నేనే దగ్గర. టైం తేడా కూడా అరగంటే! నానమ్మకి ఫోన్ చేసి "నువ్వు ఏడున్నరకి సీరియల్ చూస్తుంటే నాకు ఎనిమిది" అని చెప్తే నమ్మలేదు. మా పెదనాన్న కూతురు అమెరికాలో ఉంది, ఆమె గురించి ఎవరూ ఏడవరు, అది దూరం అనిపించదట!

ఇంకో జోకు. మా క్లాస్‌మేట్‌కి మొదట జార్జియాలో సీటు చూశారు. వాళ్ళ బాబాయ్ తెగ సంబరపడిపోయి "అట్లాంటాలో మా బావమరిది ఉన్నాడు, శని ఆదివారాలు వెళ్ళి చూసొస్తాడు" అన్నాడట. ఆ జార్జియా వేరు, తిబిలిసి రాజధానిగా ఉన్న ఈ జార్జియా వేరు అని తెలిసేసరికి అడ్వాన్సు కట్టేశారు. ఆ డబ్బు వెనక్కి రాబట్టడానికి పడిన పాట్లు వేరే కథ.

కాబట్టి మూడో_బెంచి బ్రో, ఫోన్‌లో ఉంది కదా అంటే ఉంది. కానీ ఏది వెతకాలో తెలియకపోతే ఫోన్ ఏం చూపిస్తుంది?

---

మూడో_బెంచి (సోమవారం సాయంత్రం 6:10)

సరే బ్రో, అదొక పాయింటు. కానీ నేను కిర్గిజ్‌స్తాన్ వెళ్ళట్లేదు కదా.

---

పార్వతీపురం_అక్క (సోమవారం రాత్రి 9:20)

మా పిన్ని కూతురూ ఎక్కడికీ వెళ్ళట్లేదు అనుకునేది, 2022 ఫిబ్రవరి 24 పొద్దున రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టే వరకు. ఖార్కివ్‌లో మెడిసిన్ చదివేది.

ఆ వారం మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్తాను. ఖార్కివ్ ఉక్రెయిన్‌కి తూర్పు కొసన ఉంటుంది. రష్యా సరిహద్దు అక్కణ్ణుంచి 40 కిలోమీటర్లకి మించదు, బాంబులు వచ్చేది అటునుంచే. మన పిల్లల్ని తీసుకొచ్చే విమానాలు దిగేవి పోలండ్, హంగరీ, రొమేనియా, స్లొవేకియాల్లో, అన్నీ పడమటి పక్కనే. అంటే పిల్ల దేశం మొత్తం అడ్డంగా దాటాలి, వెయ్యి కిలోమీటర్లకి పైమాటే. ఈ సంగతి మొదటి రెండు రోజులు మాకు అర్థం కాలేదు. మా బాబాయి ఫోన్‌లో "దగ్గర్లో ఉన్న బోర్డరుకి వెళ్ళిపో అమ్మా" అని అరుస్తూనే ఉన్నాడు. దగ్గర్లో ఉన్నది రష్యా బోర్డరు!

మా తమ్ముడు స్కూలు అట్లాసు వెతికి తెచ్చి హాల్లో నేల మీద పరిచాడు. అందులో ఉక్రెయిన్ బొటనవేలంత. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తూ, అట్లాసు మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకున్నాం. మా పిన్ని ఏడుస్తూనే ఆ పేర్లన్నీ నేర్చుకుంది. ల్వివ్, ఉజ్‌హొరోద్, చోప్. చోప్ దాటితే హంగరీ, అక్కడ స్టేషను పేరు జహోన్. ఇప్పటికీ ఆమె నోటెంట ఆ పేర్లు తడబడకుండా వస్తాయి, విజయనగరం తర్వాత బొబ్బిలి అన్నంత తేలిగ్గా. పిల్ల రైల్లో నిలబడే ల్వివ్ చేరింది, అక్కణ్ణుంచి బస్సు, తర్వాత నడక. బుడాపెస్ట్ నుంచి ఫ్లైటు.

నేను ఇదంతా ఎవర్నీ భయపెట్టడానికి చెప్పట్లేదు. ఫోన్ ఉంది, నిజమే. ఆ రోజుల్లో మా చెల్లి ఫోన్‌లో చార్జింగ్ ఉండేది కాదు, బంకర్‌లో సిగ్నల్ ఉండేది కాదు. ఎటు నడవాలో తల్లో ఉన్నవాళ్ళ వెనకాల మిగతావాళ్ళు నడిచారట.

---

మూడో_బెంచి (సోమవారం రాత్రి 9:41)

సారీ అక్కా. చెల్లి ఇప్పుడు బాగుందా?

---

పార్వతీపురం_అక్క (సోమవారం రాత్రి 9:50)

బాగుంది తమ్ముడూ. ఇంకో దేశంలో చదువు పూర్తి చేసుకుంది. మా పిన్ని ఆ దేశం మ్యాపు ముందే కొనిపెట్టుకుంది.

---

లంగరు (మంగళవారం ఉదయం 4:30, నడి సముద్రం నుంచి)

నెట్ ఇప్పుడే దొరికింది, ఈ చర్చ మొత్తం చదివాను. నేను మర్చంట్ నేవీలో సెకండ్ ఆఫీసర్ని, విశాఖవాణ్ణి. మాకు దేశాలు రంగురంగుల ముక్కలుగా కనపడవు, సందులుగా కనపడతాయి. మలక్కా సందు, హోర్ముజ్ సందు, బాబ్ ఎల్ మందెబ్, సూయెజ్. సందు ఎవరి ఒడ్డున ఉందో వాళ్ళ మాట వినాలి, మిగతాది అంతా నీళ్ళు.

మేష్టారు చెప్పిన హోర్ముజ్ విషయానికొస్తే, కువైట్, ఖతార్, బహ్రెయిన్‌లకి సముద్రం మీదుగా బయటికి రావడానికి వేరే దారే లేదు. పైన ఇరాన్, కింద ఒమన్. జగిత్యాల తమ్ముడి నాన్నగారు ఉన్న దేశానిదే ఆ కింది ఒడ్డు, అయితే ఆ ముక్క ఒమన్‌కి అతుక్కుని ఉండదు, మధ్యలో యూఏఈ అడ్డం ఉంటుంది. ముసందం అంటారు. మ్యాపు చూసినవాడికే ఇది వింతగా తోస్తుంది, పేర్లు బట్టీపట్టినవాడికి తోచదు.

2021 మార్చిలో సూయెజ్‌లో ఎవర్ గివెన్ అనే ఓడ అడ్డం తిరిగి ఆరు రోజులు దారి మూసేసింది కదా, అందులో సిబ్బంది 25 మందీ మనవాళ్ళే, భారతీయులు. ఆ వారం మా ఊళ్ళో టీకొట్టు దగ్గర కూడా సూయెజ్ బొమ్మ గీసి వాదించుకున్నారని మా నాన్న చెప్పాడు. అసలు మా ముత్తాతల కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు జనం కూలికి రంగూన్ (ఇప్పటి మయన్మార్‌లోని యాంగోన్) పోయేవాళ్ళు. "రంగం ఎళ్ళాడు" అనేవాళ్ళు మా ముసలమ్మలు. మయన్మార్ ఎక్కడుందో ఈ పిల్లలకి తెలియదంటే, వాళ్ళ ఇళ్ళల్లోనే తెలిసినవాళ్ళు ఒకప్పుడు ఉండేవారు.

అన్నట్టు ఆ కాస్పియన్ కుర్రాడు. ఇరాన్‌కి ఉత్తరపు ఒడ్డు కాస్పియనే. ఒక్క వేలెడు కిందకి రాస్తే కరెక్టు. మంగోలియాలో పెట్టినవాడితో కలిపి తిట్టకండి సార్.

---

రిటైర్డ్_సోషల్_టీచర్ (మంగళవారం ఉదయం 6:05)

బాబూ, ముసందం సంగతి 31 ఏళ్ళు సోషల్ చెప్పిన నాకే తెలియదు. ఇప్పుడే చూసుకున్నాను.

---

దారపుండ (మంగళవారం ఉదయం 10:40)

మరో కోణం. మనం చూసే గోడ మ్యాపు కూడా అబద్ధం చెప్తుంది. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడలకి దిక్కు తప్పకుండా గీసిన పద్ధతి అది, ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ అన్నీ ఉబ్బిపోతాయి. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనపడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు. అసలు గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా చిన్నది: మనది 32.87 లక్షల చదరపు కిలోమీటర్లు, దానిది 21.66 లక్షలు. ఇది మా ఆఫీసులో చెప్తే పందెం కాశారు, బిర్యానీ గెలిచాను.

ఇంకోటి చేసి చూడండి. గ్లోబు మీద హైదరాబాద్‌కీ డాలస్‌కీ మధ్య దారం బిగించి లాగండి. మధ్యధరా సముద్రం, లండన్, అట్లాంటిక్ మీదుగా పోతుందనుకుంటాం. పోదు. దారం నేరుగా ఉత్తర ధ్రువం పక్కకి జారిపోతుంది. మా ఆరేళ్ళ పాప ఇది చూసి "అయితే అత్త పైన ఉంటుందా, అవతల ఉంటుందా?" అంది. ఇంతవరకు నాకు సరైన జవాబు దొరకలేదు.

---

గోళీసోడా (మంగళవారం ఉదయం 10:52)

క్రికెట్ చూసి జాగ్రఫీ నేర్చుకున్న బ్యాచ్ ఎవరైనా ఉన్నారా? నేను పదో తరగతి దాకా వెస్టిండీస్ అనే దేశం ఇండియాకి పడమట ఎక్కడో అరేబియా సముద్రంలో ఉందనుకున్నా. పేరులోనే ఉంది కదా.

---

డాలస్_టీఏ (మంగళవారం మధ్యాహ్నం 12:15)

కొలంబస్ కూడా ఇంచుమించు అలాగే పొరబడ్డాడు, నిన్ను ఒక్కణ్ణే అనలేం.

---

ఎకనామిక్స్_మేష్టారు (శుక్రవారం రాత్రి 8:30)

అందరికీ ధన్యవాదాలు. సోషల్ టీచరు గారి మాట పట్టుకుని ఈసారి వేరేగా చేశాను. రంగు పెన్సిళ్ళు నేనే కొన్నాను, నీలం ఒక్కటే ఇమ్మంటే షాపువాడు డబ్బాలు విప్పనన్నాడు, కాబట్టి మిగతా పదకొండు రంగులూ ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. ముందు నీళ్ళన్నీ వేయమన్నాను. ఇరవై నిమిషాలు క్లాసులో చప్పుడు లేదు. డిగ్రీ ఫైనలియర్ కుర్రాళ్ళు నాలిక బయటపెట్టి మరీ రంగులు వేశారు.

పేర్ల జాబితా నేనివ్వలేదు. "మీ ఇంట్లోవాళ్ళు, చుట్టాలు, పక్కింటివాళ్ళు ఎవరెక్కడ ఉన్నారో ఆ దేశాలు పెట్టండి, తెలియకపోతే ఇప్పుడే ఫోన్ చేసి అడగండి" అన్నాను. క్లాసులో ఫోన్ తీయమన్న మొదటి లెక్చరర్ని నేనే అయుంటాను. కువైట్ వచ్చింది, ఖతార్ వచ్చింది, సింగపూర్, ఐర్లండ్, ఒకమ్మాయికి మాల్దీవులు. ఆ అమ్మాయి వాళ్ళన్నయ్య అక్కడ హోటల్లో వంట చేస్తాడట, మ్యాపులో అవి చుక్కలంత కూడా లేవని బాధపడి పక్కన పెద్ద బాణం గీసింది. ఒకబ్బాయి వాళ్ళ నాన్న సౌదీలో ఉన్నాడు అని రాసి, ఫోన్ చేశాక కొట్టేసి, బహ్రెయిన్ అని మార్చాడు. ఏడేళ్ళుగా సౌదీ అనుకుంటున్నాడు.

ఆ తర్వాత పాత పది పేర్లు ఇచ్చాను. అద్భుతాలేమీ జరగలేదు. భూటాన్, బంగ్లాదేశ్ మెరుగయ్యాయి. మయన్మార్ ఇంకా తిరుగుతూనే ఉంది. ఇరాన్ మాత్రం చాలామంది సరిగ్గా పెట్టారు, ఎందుకంటే కువైట్, ఖతార్ పెట్టాక ఎదురుగా ఉన్న ఒడ్డు ఎవరిది అని వాళ్ళే అడిగారు. హోర్ముజ్ పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఈసారి తలలు ఊపలేదు, ప్రశ్నలు అడిగారు, పీరియడ్ సరిపోలేదు.

---

జగిత్యాల_పోరడు (శుక్రవారం రాత్రి 8:55)

సార్, నాన్న గీసిన కాగితం ఫోటో పెట్టమన్నారు కదా. పెడదామని అడిగితే "ఆగు, హైమా తర్వాత ఒక బంకు మర్చిపోయిన" అని మళ్ళీ తీసుకున్నాడు. ఇంకా గీస్తున్నాడు.

---

మూడో_బెంచి (శుక్రవారం రాత్రి 9:30)

సార్, ఇక దాచలేను. కాస్పియన్‌లో ఇరాన్ పెట్టింది నేనే. దస్తూరీ బాగుందన్నారు కదా, థ్యాంక్స్. మొదటి రోజు మీ పోస్టు చూసి నా గురించే అని తెలిసి కాస్త రోషంగా రాశాను, ఏమీ అనుకోకండి.

ఈసారి ఇరాన్ కరెక్టుగా పెట్టాను. కాస్పియన్‌కి నీలం కూడా నీట్‌గా వేశాను. ఒక్కటే చిన్న పొరపాటు. నల్ల సముద్రం అన్నారు కదా, దానికి నీలం ఎందుకులే అని వేయకుండా వదిలేశా. తర్వాత అది ఖాళీగా కనిపిస్తే ఉక్రెయిన్ అని రాసేశా.

---

లంగరు (శనివారం ఉదయం 5:10, ఇంకా నడి సముద్రమే)

తమ్ముడూ, నువ్వు దేశాలన్నీ నీళ్ళల్లోనే పెడుతున్నావు. కానీ రెండుసార్లూ సరైన ఒడ్డుకి దగ్గర్లోనే పెట్టావు. డిగ్రీ అయ్యాక మెసేజ్ చెయ్యి.